మీకు తెలుసా? చలికొండల చెట్లు ఎండల లెక్క రాసుకుంటాయి

మీ ఇంటి గుమ్మం టేకుదైతే ఒకసారి దగ్గరగా చూడండి. పాలిష్ కింద ముదురు గీతలు, వాటి మధ్య లేత రంగు పట్టీలు కనిపిస్తాయి. అడితికి వెళ్లి అడ్డంగా కోసిన దుంగను చూస్తే అవే గీతలు గుండ్రంగా, ఒకదాని చుట్టూ ఒకటి తిరిగి ఉంటాయి. గీతకో ఏడాది, లెక్కపెడితే చెట్టు వయసు తెలుస్తుందని బళ్లో చదువుకున్నాం. వయసు ఒక్కటే కాదు, ఆ ఏడాది ఎలా గడిచిందో కూడా ఆ గీతలోనే ఉంటుంది. థర్మామీటరు పుట్టని కాలంలో, ఊరన్నదే లేని కొండ కొమ్ముల మీద ఏ వేసవి వెచ్చగా గడిచిందో, ఏ వేసవి చలికి ముడుచుకుపోయిందో శాస్త్రవేత్తలు ఈ గీతల్లోనే వెతుక్కుంటున్నారు. ఆ సంగతులు కొన్ని చూద్దాం.

1. ఒక్కో వలయంలో రెండు కాలాలుంటాయి

బెరడు కింద కేంబియం అనే సన్నటి పొర ఉంటుంది. చెట్టు లావెక్కేది అక్కడే. చలి ప్రాంతాల్లో మంచు కరిగి చెట్టు మేలుకోగానే ఈ పొర పల్చటి గోడలున్న పెద్ద పెద్ద కణాలను గబగబా కడుతుంది. అది లేత పట్టీ. వేసవి ముగిసే వేళకు కణాలు చిన్నవవుతాయి, గోడలు మందమవుతాయి. అది ముదురు గీత. ఆ తర్వాత చలికాలమంతా నిద్ర. వసంతం రాగానే ముదురు గీతను ఆనుకుని మళ్లీ లేత పట్టీ మొదలవుతుంది. భూతద్దంలో చూస్తే ఈ రెండింటి మధ్య అంచు కత్తితో గీసినట్టు ఉంటుంది. ఒక ఏడు ముగిసి మరో ఏడు మొదలైన చోటు అది.

2. చెట్టు తనకు ఏది కొరతో దాన్నే రాస్తుంది

ఈ విద్యకంతటికీ మూలసూత్రం ఇదే. చెట్టు పెరగడానికి నీళ్లు కావాలి, వెలుతురు కావాలి, నేల సారం కావాలి, వెచ్చదనం కావాలి. వీటిలో ఏది అన్నిటికన్నా తక్కువగా ఉంటే పెరుగుదల దాని దగ్గరే ఆగిపోతుంది. మెట్ట ప్రాంతపు చెట్టుకు కొరత వానది. కాబట్టి దాని వలయాల్లో వాన లెక్క ఉంటుంది. ఎత్తైన కొండ మీది చెట్టుకు చాలాచోట్ల మంచు కరిగిన నీరు అందుతుంది, వెచ్చదనమే చాలదు. అందుకే అక్కడ ఎండ బాగా కాసిన ఏడాది వలయం వెడల్పు, చలి వదలని ఏడాది వలయం సన్నం. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండలు చూసే మనకు వెచ్చదనం కరువు కావడమన్న మాటే కొత్తగా తోస్తుంది. కొండల మీది చెట్లకు మాత్రం ఏటేటా అదే కరువు.

3. కొండల మీద చెట్లకు ఒక హద్దు ఉంది

వెయ్యి మీటర్లు పైకి ఎక్కితే గాలి సగటున ఆరు డిగ్రీలకు పైగా చల్లబడుతుంది. అలా ఎక్కుతూ పోతే ఒకచోట అడవి ఆగిపోతుంది. ఆ పైన గడ్డి, పొదలు, రాళ్లు, మంచు. దీన్నే చెట్ల హద్దు అంటారు. హిమాలయాల్లో ఇది చాలాచోట్ల 3,500 నుంచి 4,000 మీటర్ల ఎత్తు దగ్గర ఉంటుంది. ప్రపంచంలో ఏ కొండ మీద చూసినా ఈ హద్దు దగ్గర చెట్టు పెరిగే కాలపు సగటు ఉష్ణోగ్రత సుమారు 6 డిగ్రీల సెల్సియస్ దగ్గరే ఉంటుందని స్విట్జర్లాండ్‌లో పనిచేసిన వృక్షశాస్త్రవేత్త క్రిస్టియన్ కోర్నర్ చూపించారు. 5 డిగ్రీల కన్నా దిగువకు పోతే కొత్త కణాలు కట్టే పని దాదాపు నిలిచిపోతుంది. అంటే హద్దు మీది చెట్టు బతుకు ఒకటి రెండు డిగ్రీల తేడా మీద నడుస్తోందన్నమాట. పాత ఉష్ణోగ్రతలు వెతికేవాళ్లు దాని దగ్గరికే వెళ్లడానికి కారణం అదే.

4. నూటయాభై మీటర్లు దిగితే సాక్ష్యం మారిపోతుంది

అమెరికాలో కాలిఫోర్నియా, నెవాడా రాష్ట్రాల పొడి కొండల మీద బ్రిసిల్‌కోన్ పైన్ అనే చెట్లున్నాయి. వాటిలో చెట్ల హద్దును ఆనుకుని పెరిగినవి 1951 నుంచి 2000 వరకు ఎంత వేగంగా లావెక్కాయంటే, గడిచిన 3,700 ఏళ్లలో అలాంటి యాభై ఏళ్లు మరొకటి లేవు. ఈ సంగతి 2009లో ప్రచురితమైంది. అయితే ఆ పెరుగుదల హద్దుకు దిగువన సుమారు 150 మీటర్ల లోపు చెట్లలోనే కనిపించింది. అంతకన్నా కిందివి అదే జాతివే, అదే కొండవే, అయినా వేరే కథ చెప్పాయి. వాటి కొరత నీటిది. అందుకే ఏ చెట్టును అడగాలో తెలియడం ఈ విద్యలో సగం పని.

5. వలయాలు చూడటానికి చెట్టు నరకనక్కర్లేదు

వడ్రంగి బర్మా లాంటి ఉక్కు పరికరం ఒకటి ఉంది. పేరు ఇంక్రిమెంట్ బోరర్. దాని మొన బోలుగా ఉంటుంది. మనిషి ఛాతీ ఎత్తున బెరడుకు ఆనించి, రెండు చేతులతో పిడి పట్టుకుని, చెట్టు నడిబొడ్డు వైపు తిప్పుతూ పోవాలి. చేవ తగిలాక భుజాలు నొప్పెడతాయి. లోపలికి చేరాక సన్నటి రేకును బోలులోకి దూర్చి లాగితే పెన్సిల్ కన్నా సన్నగా, సుమారు 5 మిల్లీమీటర్ల మందాన ఒక చెక్కపుల్ల బయటికొస్తుంది. బెరడు నుంచి మధ్య దాకా అన్ని ఏళ్లూ ఆ పుల్లలో వరసగా ఉంటాయి. విరగకుండా దాన్ని స్ట్రాలో దాచి తెస్తారు. గాడి తీసిన బద్దకు అంటించి, ముందు గరుకు ఉప్పుకాగితంతో, తర్వాత అంతకంతకూ నునుపైనదానితో రుద్దుతారు. కణాలు ఒక్కొక్కటిగా కనిపించేదాకా రుద్దాలి. ఆ తర్వాత సూక్ష్మదర్శిని కింద పెట్టి ఒక్కో వలయాన్నీ మిల్లీమీటరులో వందో వంతు వరకు, ఇంకా సన్నంగా కూడా కొలుస్తారు. సూది ఆకుల చెట్లు ఆ చిన్న రంధ్రాన్ని తమ బంకతోనే మూసుకుంటాయి.

6. ఒక్క చెట్టు మాట ఎవరూ నమ్మరు

ఒక చెట్టు మీద పక్క చెట్టు విరిగిపడి ఉండొచ్చు, పురుగు పట్టి ఉండొచ్చు, కొండచరియ జారి ఉండొచ్చు. అందుకే ఒకే చోట ఇరవై, ముప్పై చెట్లను, ఒక్కోదాంట్లో రెండేసి పుల్లలు తీసి చూస్తారు. సన్నం, వెడల్పు, వెడల్పు, బాగా సన్నం అనే వరస అన్నిట్లోనూ ఒకేలా పడితే అది చెట్ల సొంత కష్టం కాదు, ఆ కొండ మొత్తం చూసిన వాతావరణం. ఈ సరిపోల్చే పద్ధతికి ఆద్యుడు వృక్షశాస్త్రవేత్త కాదు. ఆండ్రూ ఎలికాట్ డగ్లస్ అనే అమెరికన్ ఖగోళ శాస్త్రవేత్త. సూర్యుడి మచ్చల జాడ భూమి వాతావరణంలో దొరుకుతుందేమోనని 1900ల తొలి ఏళ్లలో అరిజోనా చెట్లను పట్టుకున్నాడు. 1937లో అరిజోనా విశ్వవిద్యాలయంలో చెట్ల వలయాల కోసమే ఒక పరిశోధనశాల పెట్టాడు. అది ఇప్పటికీ పనిచేస్తోంది.

7. చెట్టు ఒక్కోసారి ఏడాదిని వదిలేస్తుంది

మరీ కష్టమైన ఏడాదిలో ముసలి చెట్టు కాండంలో కొంత మేర వలయమే కట్టదు. ఒక్కోసారి వేసవి మధ్యలో పెరుగుదల ఆగి మళ్లీ మొదలై ఒకే ఏడాదికి రెండు గీతలు పడతాయి. గుడ్డిగా లెక్కపెడితే ఏళ్లు తప్పుతాయి. చెట్లను పక్కపక్కన పెట్టి సరిచూసేది ఇందుకే. దీనికి తోడు ఆకాశం కూడా ఒక ముద్ర వేసి పెట్టింది. 774-775 సంవత్సరాల దగ్గర గాలిలో రేడియోధార్మిక కార్బన్ ఒక్కసారిగా పెరిగింది. జపాన్ పరిశోధకురాలు ఫుసా మియాకే, ఆమె సహచరులు 2012లో దీన్ని అక్కడి చెట్లలో కనిపెట్టారు. ఆ తర్వాత ఎన్నో దేశాల చెట్లలో అదే ఏట అదే ముద్ర దొరికింది. ఏ వరస లెక్కయినా సరిగ్గా ఉందో లేదో ఇప్పుడు దానితో సరిచూసుకోవచ్చు.

8. పడుచు చెట్టుకూ ముసలి చెట్టుకూ ఒకే కొలబద్ద పనికిరాదు

చిన్నప్పుడు చెట్టు జోరుగా లావెక్కుతుంది, వయసు మీదపడ్డాక నెమ్మదిస్తుంది. లోపలి వలయాలు వెడల్పుగా, బయటివి సన్నగా ఉండటానికి చాలాసార్లు కారణం వాతావరణం కాదు, వయసు. అందుకని ఆ వయసు వాలును గణితంతో ముందే తీసేస్తారు. మిగిలిన హెచ్చుతగ్గులే వాతావరణానివి.

9. చెట్టుకు కూడా పరీక్ష పెడతారు

సన్నటి వలయమంటే ఎన్ని డిగ్రీల చలి? దానికి థర్మామీటరే సాక్షి. దగ్గరలోని వాతావరణ కేంద్రం లెక్కలున్న ఏళ్లను రెండు భాగాలు చేస్తారు. ఒక భాగంలో వలయాలకూ ఉష్ణోగ్రతకూ ఉన్న పొత్తును నేర్చుకుంటారు. రెండో భాగంలో ఉష్ణోగ్రతను దాచిపెట్టి, వలయాలను బట్టి అంచనా కట్టి, తర్వాత అసలు లెక్కతో పోలుస్తారు. సరిపోలితేనే వెనక్కి, థర్మామీటరు లేని శతాబ్దాల్లోకి వెళ్తారు. ఇంకో సంగతి: చెట్టు తాను మేలుకుని ఉన్న నెలల గురించే గట్టిగా చెప్పగలదు. అందుకే ఈ లెక్కల్లో ఎక్కువ భాగం వేసవివి, వసంతానివి.

10. వెడల్పు కన్నా బరువు బాగా మాట్లాడుతుంది

వలయం వెడల్పులో కిందటి ఏడాది దాచుకున్న తిండి ప్రభావం కూడా కలిసి ఉంటుంది. ఆ ఏటి ముదురు గీతలో కణాల గోడలు ఎంత మందంగా ఉన్నాయన్నది, అంటే ఆ చెక్క సాంద్రత ఎంతన్నది మాత్రం ఆ వేసవి వెచ్చదనాన్నే సూటిగా చెబుతుంది. దీన్ని కొలవడానికి చెక్కకు ఎక్స్‌రే తీస్తారు. స్విట్జర్లాండ్‌కు చెందిన ఫ్రిట్జ్ ష్వైన్‌గ్రూబర్ ఈ పద్ధతితో ఉత్తరార్ధగోళపు చలి అడవులెన్నిటినో కొలిపించాడు. ఇప్పుడు ఇంకో చవక దారి దొరికింది. కణాల గోడల్లోని లిగ్నిన్ నీలి కాంతిని పీల్చుకుంటుంది. చెక్కపుల్లను మంచి స్కానర్ మీద పెట్టి, ఎంత నీలం తిరిగొచ్చిందో చూస్తే గోడల మందం అంచనాకు వస్తుంది.

11. వేల మైళ్ల అవతల పేలిన అగ్నిపర్వతం ఈ చెట్లలో దొరుకుతుంది

పెద్ద అగ్నిపర్వతం పేలితే గంధకపు పొగ ఆకాశంలో బాగా పైకి చేరి సన్నటి తెరలా పరుచుకుంటుంది. ఎండ కొంత వెనక్కి పోతుంది. ఒకటి రెండు వేసవులు చల్లబడతాయి. ఇండోనేషియాలో తంబోరా 1815 ఏప్రిల్‌లో పేలింది. మరుసటి ఏడాది యూరప్, ఉత్తర అమెరికాల్లో వేసవే రాలేదని చరిత్ర చెబుతుంది. నేపాల్ హిమాలయాల చెట్లలోనూ 1815-1822 మధ్య చలి జాడ దొరికింది. 1600లో పెరూ దేశంలో హువాయ్‌నాపుటినా పేలింది. గడిచిన ఆరు వందల ఏళ్లలో ఉత్తరార్ధగోళపు అతి చల్లని వేసవి 1601దేనని వలయాల సాంద్రత చూపించింది. ఆ ఏడాదితోనే రష్యాలో భయంకరమైన కరువు మొదలైంది. రష్యా ఆల్టై కొండలు, యూరప్ ఆల్ప్స్ కొండల చెట్లను కలిపి చూస్తే 536 నుంచి సుమారు 660 దాకా సాగిన ఒక దీర్ఘ చలికాలం బయటపడింది. 536, 540, 547లలో వెంటవెంటనే జరిగిన పేలుళ్లే దానికి మొదలు.

బ్రిసిల్‌కోన్ చెట్లలో ఆ దెబ్బ కంటికే కనిపిస్తుంది. కణాలు ఇంకా పచ్చిగా ఉన్నప్పుడు గడ్డకట్టే చలి తగిలితే అవి నలిగి వంకర పోతాయి. నిటారుగా సాగే వరస మధ్యలో ఒక చితికిన పట్టీ మిగిలిపోతుంది. దాన్ని మంచు వలయం అంటారు. ఇలాంటివి చాలావరకు పెద్ద పేలుళ్ల ఏళ్లతో సరిపోతున్నాయని 1984లో లామార్ష్, హిర్ష్‌బెక్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు చూపించారు.

12. పేరుమోసిన వయోలిన్లలోనూ ఆల్ప్స్ చలి దాగి ఉంది

ఇటలీ వాద్యాల శిల్పి స్ట్రాడివారి తన వయోలిన్ల పైపలకకు కొండల్లో పెరిగిన స్ప్రూస్ చెక్క వాడాడు. ఆక్స్‌ఫర్డ్‌లోని ఆష్మోలియన్ మ్యూజియంలో ఉన్న అతని ‘మెస్సయా’ వయోలిన్ అసలుదేనా అన్న వివాదం వచ్చినప్పుడు పైపలక గీతలను కొలిచారు. చివరి వలయం 1680ల నాటిదని తేలింది. 1716 అన్న దాని చీటీతో అది సరిపోయింది. 1645-1715 మధ్య చలి ఎక్కువగా ఉండి చెట్లు నెమ్మదిగా, ఒత్తుగా పెరిగినందువల్లే ఆ వయోలిన్లకు అంతటి నాదం వచ్చిందన్న ఊహ కూడా ఉంది. అది ఇంకా ఊహే.

13. మన దేశంలో పదిహేను వందల ఏళ్ల వరస దొరికింది

లక్నోలోని బీర్బల్ సాహ్ని సంస్థ శాస్త్రవేత్తలు దశాబ్దాలుగా హిమాలయాలెక్కి దేవదారు, ఫర్, చిల్గోజా పైన్ చెట్ల పుల్లలు తెస్తున్నారు. హిమాచల్ ప్రదేశ్‌లోని లాహౌల్ లోయ జూనిపర్ల నుంచి వాళ్లు 1,584 ఏళ్ల వలయాల వరస కట్టారు. అంటే ఆ చెట్లు లెక్క మొదలుపెట్టేనాటికి మన గడ్డ మీద విష్ణుకుండినుల కాలం నడుస్తోంది. కిన్నౌర్ చిల్గోజాల వరస కూడా వెయ్యేళ్లది. అది పొడి లోయ కాబట్టి అక్కడి చెట్లు వాన సంగతి చెబుతాయి. తూర్పున భూటాన్‌లో లార్చ్ చెట్ల నుంచి 638 వేసవుల ఉష్ణోగ్రతలు రాబట్టారు. కొండల్లోని మన వాతావరణ కేంద్రాల లెక్కలు నూరేళ్లకు కాస్త అటూఇటూగా ఉంటాయి. అంతకు ముందు కాలానికి మనకున్న సాక్షుల్లో ముందు వరసలో నిలిచేవి ఈ చెట్లే.

14. హద్దు మీది చెట్టయినా ఒక్కోసారి నీళ్లనే అడుగుతుంది

హిమాలయాల్లో చెట్ల హద్దు దగ్గర భూర్జ వృక్షాలు పెరుగుతాయి. వాటి బెరడు పొరలు పొరలుగా కాగితంలా ఊడొస్తుంది. కాశ్మీర్‌లో ఆ భూర్జపత్రం మీదే గ్రంథాలు రాశారు. అంత ఎత్తున, అంత చలిలో ఉన్న చెట్టు వెచ్చదనం లెక్క చెబుతుందనుకుంటాం. నేపాల్‌లో పరీక్షిస్తే చాలాచోట్ల దాని వలయాలు మార్చి నుంచి మే దాకా నేలలో తడి ఎంతుందన్నదాన్నే ఎక్కువగా పట్టించుకున్నాయి. రుతుపవనాలు రాకముందు ఆ వాలుల మీద నేల ఎండిపోతుంది. కొరత మారింది, రాత మారింది. ఎత్తు చూసి తేల్చేయకూడదని, ప్రతి చోటా చెట్టునే అడగాలని భూర్జం నేర్పింది.

15. చనిపోయిన చెట్టు కూడా సాక్ష్యమిస్తుంది

బతికున్న చెట్టు లోపలి వలయాలు, వందల ఏళ్ల కిందట పడిపోయిన దుంగ బయటి వలయాలతో కలిస్తే వరస ఇంకా వెనక్కి పోతుంది. చల్లని చెరువుల అడుగున, బురద నేలల్లో, కరుగుతున్న హిమానీనదాల అంచుల్లో దొరికిన దుంగలను ఇలా ఒకదానికొకటి అతికి తూర్పు ఆల్ప్స్‌లో దాదాపు 9,000 ఏళ్ల వరస కట్టారు. ఇప్పుడు మంచు ఉన్నచోట దుంగ దొరికిందంటే, ఒకప్పుడు అక్కడ అడవి పెరిగేంత వెచ్చగా ఉండేదని కూడా అర్థం.

16. ఈ మధ్య కొన్ని చెట్లు థర్మామీటరుతో విభేదిస్తున్నాయి

ఉత్తర ధ్రువానికి దగ్గరి అడవుల్లో కొన్నిచోట్ల 1960ల తర్వాత ఉష్ణోగ్రత పెరిగినంతగా వలయాలు స్పందించడం లేదు. దీన్ని శాస్త్రవేత్తలే బయటపెట్టారు, వాళ్లే చర్చిస్తున్నారు. వేడి సరిపడా దొరికాక చెట్టుకు నీళ్లు కొరతయ్యాయన్నది ఒక వివరణ. అదే నిజమైతే పాత సూత్రమే మళ్లీ నిలబడుతుంది. అందుకే ఇప్పుడు ఒకే చోటి చెట్ల మీద ఆధారపడకుండా మంచు పొరలు, చెరువుల బురద, పగడాలు చెప్పేదాన్ని కూడా కలిపి చూస్తున్నారు.

17. ధాత కరువు గుర్తు ఆసియా చెట్లలో ఉంది

1876-78 కరువు నేటి రాయలసీమ ప్రాంతాన్ని ఊడ్చేసింది. ధాత నామ సంవత్సరంలో మొదలైంది కాబట్టి మన పెద్దలు దాన్ని ధాత కరువన్నారు. 2010లో ఆసియా అంతటా 300కు పైగా చోట్ల సేకరించిన వలయాలతో రుతుపవన దేశాల కరువు పటాలు వచ్చాయి. ఏడు వందల ఏళ్ల ఆ పటాల్లో ఈ కరువు ఒక ఊరిదో జిల్లాదో కాదని, భారత్ నుంచి ఆగ్నేయాసియా, చైనా దాకా ఒకేసారి పడిన దెబ్బ అని కనిపిస్తుంది. మన తాతముత్తాతల ఆకలి మనం పేరు కూడా వినని కొండల మీది చెట్లలో నమోదై ఉంది.

18. తాటిచెట్టుకు వలయాలుండవు

తాడి, కొబ్బరి గడ్డి వైపు బంధువులు. వాటిలో కేంబియం పొర లేదు. మాను మీద కనిపించే గుండ్రటి మచ్చలు రాలిన మట్టల గుర్తులు, ఏళ్ల గీతలు కావు. హిమాలయాల్లో భూర్జపత్రం మీద రాసుకున్నట్టే మనం తాటాకు మీద రాసుకున్నాం. ఆ చెట్టు తనలో మాత్రం ఏమీ రాసుకోలేదు. మామిడి లాంటి ఎప్పుడూ పచ్చగా ఉండే చెట్లలోనూ గీతలు స్పష్టంగా తేలవు. ఏటా ఆకు రాల్చి మళ్లీ చిగిర్చే టేకు రాస్తుంది. కేరళ టేకు నుంచి పుణె వాతావరణ పరిశోధకులు 523 ఏళ్ల వరస కట్టి, ఎల్ నినో ఏళ్ల వాన లోటును అందులో గుర్తించారు.

19. అన్నిటికన్నా ముసలి చెట్టును మనిషే నరికాడు

1964లో నెవాడాలోని వీలర్ శిఖరం మీద పరిశోధన కోసం ఒక బ్రిసిల్‌కోన్‌ను అనుమతితోనే కొట్టేశారు. కోశాక లెక్కపెడితే 4,800కు పైగా వలయాలున్నాయి. అంత వయసున్న చెట్టును అప్పటివరకు ఎవరూ లెక్కించి ఉండలేదు. కాలిఫోర్నియాలో దాదాపు అంతే వయసున్న ‘మెతూసెలా’ ఇంకా బతికే ఉంది. అది సరిగ్గా ఎక్కడుందో అటవీశాఖ బయటికి చెప్పదు.

ఆ గోప్యత నాకు న్యాయంగా తోస్తుంది. హిమాలయాల జూనిపర్‌కూ, చిల్గోజాకూ, దేవదారుకూ కూడా అలాంటి కాపలా కావాలి. రోడ్డు కోసమో పొయ్యి కోసమో వెయ్యేళ్ల చెట్టు పడిపోతే ఆ కొండ వేసవుల లెక్క అక్కడితో తెగుతుంది. దాని చోట మొక్క నాటవచ్చు. పోయిన వెయ్యేళ్లను ఆ మొక్క తిరిగి రాయలేదు.

ఈసారి గుమ్మం దాటేటప్పుడు ఆ గీతల మీద వేలు ఆనించి చూడండి. పట్టీలు వెడల్పుగా ఉన్నచోట ఆ టేకు నిండుగా తడిసి ఉండొచ్చు. గీతలు బాగా దగ్గరపడిన చోట, ఆ ఏళ్లలో, అది వాన కోసం ఎదురుచూసి ఉండొచ్చు.